పీల్చే గోడ

పొద్దున్నే ఇంట్లోంచి బయటపడాలంటే ఆవిడకి ఓ పద్ధతుంది. ముందు స్టవ్ దగ్గరికెళ్ళి మంట ఆరిందో లేదో చూస్తుంది. తర్వాత కుళాయిలు, ఆ తర్వాత కిటికీ గడియలు. మళ్ళీ స్టవ్. కిటికీల దగ్గర ఉన్నప్పుడు దానంతటది వెలిగి ఉండొచ్చు కదా అని కాదు, వెలగలేదని కళ్ళారా చూస్తే గుండె నిబ్బరంగా ఉంటుందని. మందుల కంపెనీలో పెట్టెల మీద లేబుళ్ళు సరిచూడటం ఆవిడ ఉద్యోగం. చూసిన పెట్టెని వెనక్కి తీసి ఇంకోసారి చూస్తుంది కాబట్టి అక్కడ అందరూ డబుల్‌చెక్ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. ఆ పేరు మెల్లగా ఇంటిదాకా కూడా వచ్చేసింది.

అన్నీ అయ్యాక నడవాలో, కోట్లు తగిలించే కొక్కేల దగ్గర నిలబడి కూతురికి జాగ్రత్తలు చెబుతుంది.

"హెల్మెట్ పెట్టుకో. ఫోన్‌లో ఛార్జింగ్ ఉందా? రోడ్డు దాటేటప్పుడు చెవుల్లో అవి తీసెయ్. స్వెటర్ వేసుకున్నావా?"

"ఒంటి మీదే ఉందమ్మా, చూడు."

"చూశాను. అడగాలి కాబట్టి అడిగాను."

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. బూట్ల లేసులు బిగించుకుంటూ, "నాకేం చెప్పరా మేడమ్?" అంటాడు.

"మీరు బస్సు జాగ్రత్తగా నడపండి."

"నయం, చెప్పారు. ఇవాళ కళ్ళు మూసుకుని నడుపుదామనుకున్నా."

ఈ మాటలన్నీ కొక్కేల వెనకున్న గోడలోకి ఇంకిపోతాయి. అది పీల్చే గోడ. వాళ్ళు అద్దెకి దిగినప్పుడే ఇంటాయన చెప్పాడు. నీళ్ళకి లోటుండదు, ఎండ బాగా వస్తుంది, నడవా గోడ మాత్రం మాటలు పీలుస్తుంది, తర్వాత నన్ననకండి అని. ఆ వీధిలో పాత కట్టడాలు చాలావాటికి అలాంటి గోడ ఒకటైనా ఉంటుంది. కింది వాటాలో టైలరుంటాడు, ఆయన గోడ ముసురు పట్టినప్పుడల్లా ఛాతీ కొలతలూ నడుం కొలతలూ అప్పజెబుతుంది. డబుల్‌చెక్ ఇంటి గోడేమో, "గ్యాస్ ఆపావా?" అంటుంది. ఇంటికొచ్చినవాళ్ళెవరైనా ఉంటే పాపం లేచి వెళ్ళి చూసొస్తారు.

ఆ గోడకి అవతల పిల్ల గది. నెట్ నెమ్మదించింది ఆ గదిలోనే.

మామూలు రోజుల్లో అయితే ఎవరూ అంత పట్టించుకునేవాళ్ళు కాదు. కానీ శుక్రవారం పిల్లకి ఇంటర్వ్యూ ఉంది. గాలిమరలు రిపేరు చేయడం నేర్పే బడి ఒకటి సముద్రం ఒడ్డున, రైల్లో ఒక పగలంతా కూర్చుంటే వచ్చే ఊళ్ళో ఉంది. తాళ్ళు కట్టుకుని, మేడలన్నిటికీ పైన తిరిగే ఆ రెక్కల దాకా ఎక్కి, అక్కడ వేలాడుతూ పనిచేయాలి. పిల్లకి చిన్నప్పట్నుంచీ ఎక్కడమంటే పిచ్చి. ఇంటర్వ్యూ వీడియోలోనే. కెమెరా ముందు వాళ్ళడిగిన ముడులు వేసి, నడుముకి పట్టీలు బిగించుకుని, వాళ్ళు చాలనేదాకా గాల్లో వేలాడాలి. బొమ్మ మధ్యలో ఆగిపోతే ఆ పరీక్ష లెక్కలోకి రాదు. మళ్ళీ వచ్చే ఏడాదే. మనిషి బరువు మోసే ఇనుప దూలం ఇల్లు మొత్తంలో పిల్ల గదిలోనే ఉంది. హాల్లో ఉన్నది అలంకారానికి కట్టిన సీలింగు, ఫ్యాన్ తిరుగుతుంటేనే కిందున్నవాళ్ళకి భయమేస్తుంది.

కాబట్టి పరీక్ష ఆ గదిలోనే జరగాలి. ఆ గదిలో చూస్తే, వీడియో పెడితే చాలు, తెర మధ్యలో గుండ్రం తిరుగుతూ కూర్చుంటుంది.

"ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి," అన్నాడు డ్రైవరు సోమవారం సాయంత్రం. నెట్ గురించి ఆయనకి తెలిసిన వైద్యం అదొక్కటే.

"వేశాను. రెండుసార్లు."

"అయితే రోడ్డు ఖాళీగానే ఉంది, బస్సే కదలట్లేదన్నమాట."

డబుల్‌చెక్ ఫోన్ పట్టుకుని గది గదికీ తిరిగి స్పీడు చూసింది. వంటింట్లో ముప్పై. హాల్లో ముప్పై అయిదు. పిల్ల గది గుమ్మం దాటి ఒక్క అడుగు వేయగానే నాలుగు. అడుగు వెనక్కి వేస్తే మళ్ళీ ముప్పై. ఫోన్ డేటా సంగతి సరేసరి, ఆ గదిలో మొదట్నుంచీ ఒక్క గీతే.

కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఓ అమ్మాయి.

"రౌటర్ ఆపి ఆన్ చేశారా మేడమ్?"

"రెండుసార్లు చేశాను."

"నా కోసం ఇంకొక్కసారి చేస్తారా?"

ఆ అడిగిన తీరు డబుల్‌చెక్‌కి నచ్చింది. తనలాంటి మనిషే అనుకుంటూ వెళ్ళి చేసొచ్చింది. కేబుళ్ళన్నీ తీసి గుచ్చమంది, గుచ్చింది. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయంది, చెప్పింది. పక్కిళ్ళ సిగ్నళ్ళు అడ్డొస్తున్నాయేమోనని ఛానల్ మార్పించింది. ఏమీ మారలేదు.

"ఇంట్లో మాటలు పీల్చే గోడేమైనా ఉందా మేడమ్?"

"ఒకటుంది."

"చివరిసారి ఎప్పుడు ఖాళీ చేశారు?"

"ఖాళీ చేయాలా?"

"రేపు మనిషిని పంపిస్తాను మేడమ్. ఒక్క మాట, స్పీడు తగ్గింది ఎప్పట్నుంచి?"

ఎప్పట్నుంచో డబుల్‌చెక్‌కి బాగా తెలుసు. ఇంటర్వ్యూకి పిలుపొచ్చిన రోజు పిల్ల గంతులేసుకుంటూ తాడు కొనడానికి బజారుకి పరిగెత్తింది. డ్రైవరు డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో తనొక్కతే. నడవాలో నిలబడి, గోడకి నుదురానించి, "ఆ ఇంటర్వ్యూ జరక్కపోతే బాగుండు," అంది. అంతే అంది. ఆ సాయంత్రమే పిల్ల గదిలో గుండ్రం తిరగడం మొదలైంది.

"ఈమధ్యేనమ్మా," అంది ఫోన్లో.

మర్నాడు టెక్నీషియన్ వచ్చాడు. భుజానికి సంచీ, చేతిలో చిన్న మీటరు. పిల్ల సైకిల్ షాపులో పనికెళ్ళింది. డ్రైవరుకి వారపు సెలవు. టెక్నీషియన్ హాల్లో అటూ ఇటూ చూసి, "రౌటర్ ఏదక్కా?" అన్నాడు.

డబుల్‌చెక్ మూలనున్న స్టీలు డబ్బా చూపించింది. మూతకి కన్నాలున్నాయి.

"డబ్బాలో ఎందుకుంది?"

"ఇంట్లో పిల్ల ఉంది కదా. తరంగాలు మంచివి కావని ఎవరో అన్నారు."

"ఆ తరంగాలు బయటికొస్తేనే అక్కా నెట్ వచ్చేది."

"అందుకే కన్నాలు పెట్టించాను."

"నేను అప్పుడే చెప్పాను," అన్నాడు డ్రైవరు సోఫాలోంచి. "కిటికీలన్నీ మూసేసి, బస్సులో జనం ఎక్కట్లేదంటే ఎలా అని."

"మీరేం చెప్పలేదు. కన్నాలు పెట్టించుకొచ్చింది మీరే."

టెక్నీషియన్ నవ్వు ఆపుకుంటూ రౌటర్ని బయటికి తీసి అలమర పైన పెట్టాడు. తుప్పు పట్టిన పిన్ను ఒకటి మార్చాడు. హాల్లో స్పీడు తొంభై దాటింది. డబుల్‌చెక్ సిగ్గుపడుతూనే, పిల్ల తల ఆ అలమరకి ఎంత దూరంలో ఉంటుందో కళ్ళతో కొలుచుకుంది. అతను మీటరు పట్టుకుని పిల్ల గదిలోకి వెళ్ళాడు. నాలుగు.

పొడుగాటి కేబుల్ ఒకటి తెచ్చి హాల్లోంచి గుమ్మం మీదుగా లాగి పిల్ల లాప్‌టాప్‌కి నేరుగా గుచ్చాడు. అయినా నాలుగే.

"అనుకున్నా," అన్నాడు. "గుమ్మం కూడా ఆ గోడదే కదా. అది మొండికేస్తే తీగైనా ఒకటే, గాలైనా ఒకటే."

నడవాలోకి వచ్చి, కోట్లు పక్కకి జరిపి, వేలి కణుపుతో గోడని పైనుంచి కిందికి తడుతూ వచ్చాడు. చెవి ఆనించి విన్నాడు.

"కన్నం పెడితే?" అన్నాడు డ్రైవరు.

"ఇలాంటి గోడకి కన్నం పెడితే ఉన్నవన్నీ ఒక్కసారే బయటపడతాయి సార్. పై వీధిలో లాయరుగారింట్లో పెట్టారు. ఇల్లు వదిలేసి హోటల్లో ఉన్నారు. ఇప్పటికీ ఆయనా ఆవిడా మాట్లాడుకోరు." మళ్ళీ తట్టాడు. "పై పొరలన్నీ చిల్లర మాటలు. గోరువెచ్చటి నీళ్ళతో తుడిస్తే పోతాయి. అడుగున ఒకటి మాత్రం గట్టిగా పట్టుకుంది. అసలు అడ్డం అదే. అది తుడిస్తే పోదు."

"మరి?" అంది డబుల్‌చెక్.

"అన్నవాళ్ళు, ఎవరి గురించి అన్నారో వాళ్ళ మొహం చూసి మళ్ళీ అనాలి. చాటుగా వింటే లెక్కలోకి రాదు. ఎదురుగా నిలబడి అంటే గోడ వదిలేస్తుంది."

"అదేంటో నీకు వినబడిందా?"

"ఎంత మందముందో చూడటం వరకే మా పనక్కా. ఏముందో వినం." సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

డ్రైవరు గడ్డం గోక్కున్నాడు. "నేనేమన్నా అన్నానంటావా? నేను తిట్టేవన్నీ బస్సులోనే తిట్టి వచ్చేస్తానే."

"ముందు తుడుద్దాం లెండి," అంది ఆవిడ.

గురువారం మధ్యాహ్నానికి గానీ అందరికీ కుదరలేదు. బకెట్లో గోరువెచ్చటి నీళ్ళు పెట్టుకుని ముగ్గురూ పాత గుడ్డలతో గోడ తుడవడానికి కూర్చున్నారు. గుడ్డ వేసిన చోటల్లా ఓ మాట ఊడిపడి, ఓసారి పలికి, నీళ్ళలో కలిసిపోయింది.

"తాళం వేశావా?" అంది గోడ. "ఆ గొడుగు తడిది, లోపల పెట్టకు. దగ్గు తగ్గిందా? పెదాలు చూపించు, నీలంగా ఉన్నాయేంటి?"

"అది బ్లూ పెన్ను కొరికిన రోజమ్మా," అని పిల్ల పడీ పడీ నవ్వింది. "డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళావు. ఆయన నా పెదాలు తుడిచి ఆ గుడ్డ నీ చేతికిచ్చాడు."

"స్వెటర్ వేసుకున్నావా?" అంది గోడ. కాస్త కింద మళ్ళీ, "స్వెటర్ వేసుకున్నావా?" ఇంకాస్త కింద, లేత గొంతుతో, "స్వెటర్ వేసుకుందామా బంగారం?"

"మేడమ్, ఎన్ని స్వెటర్లు పీల్చింది పాపం ఇది," అన్నాడు డ్రైవరు. "దీనికి మాత్రం చలేయదు."

డబుల్‌చెక్ కూడా నవ్వింది. కానీ కొక్కేల కింద, తన నుదురు ఎత్తున ఉన్న చోట గుడ్డ వేయలేదు. అక్కడ తడి చేయి పెడితే గోడ వేడిగా తగిలింది. తుడవడం అయ్యాక పిల్ల గదిలో స్పీడు చూశారు. తొమ్మిది. వీడియో కాసేపు ఆడి ఆగింది.

డ్రైవరు సాయంత్రం డ్యూటీకి వెళ్ళిపోయాడు. పిల్ల మంచం మీద కూర్చుని, కుర్చీ కోడుకి తాడు చుట్టి ముడి వేస్తూ, విప్పుతూ ఉంది.

"పోన్లే అమ్మా," అంది తలెత్తకుండా. "రాలేనని వాళ్ళకి మెయిల్ పెట్టేస్తా. సైకిల్ షాపు పని బాగానే ఉందిగా. ఇంటికి దగ్గర కూడాను."

ఆ మాట వినగానే డబుల్‌చెక్‌కి ప్రాణం లేచొచ్చింది. ఉన్న మాట దాచిపెట్టి ప్రయోజనం లేదు, నిజంగానే లేచొచ్చింది. తను ఇంకేమీ చేయక్కర్లేదు. నోరు మూసుకుని ఈ ఒక్క రాత్రి గడిపితే, పిల్ల నేల మీదే ఉంటుంది. పొద్దున సైకిల్ మీద వెళ్ళి సాయంత్రం సైకిల్ మీద వస్తుంది. గాలి ఎంత వీచినా దాని జుట్టు చెదరడం తప్ప ఏమీ కాదు.

వంటింట్లోకి వెళ్ళి స్టవ్ చూసింది. ఆరే ఉంది. మళ్ళీ చూసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తప్పు లేబుల్ ఉందని తెలిసి ఏ పెట్టెనీ దాటనివ్వలేదు తను. లోపల ఒకటి, పైన ఇంకొకటి ఉంటే ఎవరింట్లోనో ఎవరో మింగుతారు. ఇప్పుడు ఈ పిల్ల జీవితాంతం 'నెట్ రాలేదు కాబట్టి వెళ్ళలేదు' అనే లేబుల్ చూసుకుంటూ బతుకుతుంది. లోపలున్నది అది కాదు.

తిరిగొచ్చి పిల్ల ఎదురుగా నిలబడింది.

"గోడలో అడుగునున్నది నా మాటే," అంది. "పిలుపొచ్చిన రోజు నువ్వు తాడు కొనడానికి వెళ్ళావే, అప్పుడన్నాను."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నా మంచం ఈ గోడ పక్కనే కదమ్మా. పడుకుంటే చెవి దగ్గరే. రోజూ వినబడుతూనే ఉంది." పిల్ల ముడి బిగించింది. "అందుకే కంపెనీకి ఫోన్ చేద్దామని నేను అడగలేదు. నువ్వే చేశావు."

డబుల్‌చెక్ కుర్చీలో కూలబడింది. ఎవరికి తెలియకూడదని దాచిందో వాళ్ళకే తెలిసి, వాళ్ళే తనకి తెలియనివ్వకుండా దాచారు.

"మరి ఒక్క మాటైనా అడగలేదేం?"

"ఏమని అడగను? నువ్వు వద్దనుకుంటే వెళ్ళి ఏం చేసుకోను?" తాడు పక్కన పెట్టి, "సరేగానీ, చాటుగా వింటే గోడ వదలదటగా. నాన్న చెప్పాడు. చెప్పు మరి, నా మొహం చూసి."

"తెలిసిందిగా, మళ్ళీ ఎందుకు?"

"డబుల్‌చెక్ అంటారు నిన్ను. రెండోసారి చెప్పడానికి బద్ధకమా?"

డబుల్‌చెక్ కూతురి మొహం చూసింది. పై పెదవి మీద పిల్ల నడవడం నేర్చేటప్పుడు పడ్డ గాటు ఇంకా ఉంది. అప్పుడు తను ఒక్క అడుగు దూరంలోనే నిలబడి కూడా పట్టుకోలేకపోయింది.

"ఆ ఇంటర్వ్యూ జరక్కపోతే బాగుండు అన్నాను," అంది. "నువ్వు అంత ఎత్తున ఉంటే కింద చేతులు చాపుకుని నిలబడ్డా ఏం లాభం అని. అదే నా భయం. ఒక్క అడుగు దూరంలోనే పట్టుకోలేనిదాన్ని."

గోడలో ఏదో సర్దుకున్న చప్పుడైంది. కొక్కేల దగ్గర గోరంత సున్నం రాలి నేల మీద పడింది. లాప్‌టాప్‌లో వారం కింద పెట్టి వదిలేసిన వీడియో దానంతటది మొదలై, తాడు ఎలా చుట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. దాని వెంట ఆగిపోయిన మెసేజీలన్నీ గణగణమంటూ వచ్చిపడ్డాయి.

పిల్ల వీడియో ఆపింది. "మరి ఇప్పుడేమనుకుంటున్నావు?"

"ఇప్పుడూ భయమే. రేపూ భయమే. కానీ జరగాలి."

ఆ మాటని కూడా గోడ పీల్చుకుంది. స్పీడు మాత్రం తగ్గలేదు. డబుల్‌చెక్ రెండుసార్లు చూసింది.

శుక్రవారం పొద్దున ఆవిడ ఉద్యోగానికి సెలవు పెట్టి, నడవాలో స్టూలు వేసుకుని కూర్చుంది. పొరపాటున ఏమైనా అనేస్తానేమోనని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు మీద నమ్మకం లేక పైన చేయి కూడా పెట్టుకుంది. లోపల్నుంచి పరీక్ష చేసే ఆయన గొంతు పక్కనే ఉన్నంత స్పష్టంగా వచ్చింది. ముడి వేయమన్నాడు. పట్టీ లాగి చూపించమన్నాడు. వేలాడమన్నాడు. దూలం ఓసారి కిర్రుమంది. డబుల్‌చెక్ లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

"పైన ఉన్నప్పుడు భయం వేస్తే ఏం చేస్తారు?" అని అడిగాడాయన.

పిల్ల వేలాడుతూనే ఉందని గొంతులో తెలుస్తోంది.

"కట్టిన ముడి మళ్ళీ చూసుకుంటాను. అప్పటికీ తగ్గకపోతే ఇంకోసారి చూసుకుంటాను. భయం వేస్తే మా ఇంట్లో చేసే పని అదే."

"మంచి ఇల్లే," అన్నాడాయన. "ఇక దిగండి."

సీటు వచ్చింది. బయల్దేరే రోజు డబుల్‌చెక్ నడవాలో చెప్పాల్సినవన్నీ చెప్పింది. ఒక్కటీ మానలేదు. పిల్ల అన్నిటికీ "చూడు" అంటూ హెల్మెట్టూ, ఛార్జరూ, స్వెటరూ ఒక్కొక్కటే చూపించింది. డ్రైవరు స్టేషన్ దాకా దింపుతూ దారి పొడుగునా తామెక్కిన సిటీ బస్సుని తిట్టాడు, తను నడపని బస్సు కాబట్టి.

చలికాలం మొదలయ్యాక ఓ ఆదివారం పిల్ల ఫోన్ చేసింది. వీడియో ఆగి ఆగి వస్తోంది. పిల్ల నోరు ఒకచోట, మాట ఇంకోచోట.

"ఇక్కడ నా గదిలో నెట్ చాలా స్లోగా ఉందమ్మా."

"ఆపి మళ్ళీ వేశావా?" అన్నాడు వెనకనుంచి డ్రైవరు.

"కేబుల్ చూశావా? ఛానల్ మార్చావా?" అంది డబుల్‌చెక్. "గోడ చూశావా?"

"చూశాను. ఇది కూడా పీల్చే రకమేనట, వార్డెన్ చెప్పింది. రోజూ నీతో స్పీకర్‌లో మాట్లాడుతున్నానుగా. అదీ సంగతి. చెవి పెడితే మొత్తం నువ్వే."

డబుల్‌చెక్ ఫోన్ దగ్గరికి లాక్కుంది. "గోరువెచ్చటి నీళ్ళు దొరుకుతాయా అక్కడ? తుడిచెయ్."

"తుడుస్తూనే ఉన్నా. తాళాలు తుడిచేశా, గొడుగులు తుడిచేశా." తెర మీద పిల్ల బొమ్మ ఆగిపోయింది, కానీ గొంతు వస్తూనే ఉంది. "స్వెటర్ది మాత్రం ఉంచాను. ఇక్కడ చలి."